జమ, ఖర్చు, బాకీ : ఉద్యోగముతో పాటు ఏజెన్సీ పని చేయువారి ఆదాయపు పన్ను

ప్రవేశిక

మన మధ్యతరగతి కుటుంబములలో ఒక్క జీతముతో నెల గడచు ఇండ్లు తక్కువ. ఉదయము ప్రైవేటు పాఠశాలలో పాఠము చెప్పిన ఉపాధ్యాయుడు సాయంకాలము బీమా ఫారములు చేతబట్టుకొని ఇంటింటికి తిరుగును. దుకాణపు గుమాస్తా సెలవు దినమున ఇండ్ల స్థలముల బేరము కుదుర్చును. మరియొకరు ఉమ్రా యాత్రకు పోవువారికి టిక్కెట్లు సమకూర్చి ట్రావెల్స్ సంస్థ నుండి కమీషను పొందుదురు. ఇది గౌరవప్రదమైన శ్రమ. తమ కళాశాల ఫీజులో కొంత భాగము ఇట్టి కమీషను నుండియే వచ్చుచున్నదని మన విద్యార్థులలో అనేకులకు తెలిసియే ఉండును.

ఐతే ఈ రెండవ ఆదాయముపై పన్ను విషయమున రెండు అపోహలు ప్రబలి ఉన్నవి. "కమీషను ఇచ్చునప్పుడే పన్ను పట్టుకొన్నారు, ఇక మన బాధ్యత తీరినది" అనునది మొదటిది. "వారు పన్ను పట్టుకొనలేదు, కాబట్టి దీనిపై పన్ను లేదు" అనునది రెండవది. ఈ రెండును పొరపాటే. మూలము వద్ద పట్టుకొన్న పన్ను తుది పన్ను కాదు. పట్టుకొనకపోవుట మినహాయింపును కాదు. జీతమిచ్చు యజమానికి జీతము మాత్రమే కనిపించును. కమీషను ఇచ్చు సంస్థకు కమీషను మాత్రమే కనిపించును. ఈ రెండింటిని కలిపి చూచి లెక్క కట్టవలసినవాడు సంపాదించిన వ్యక్తియే. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే.

లెక్కల వద్దకు వచ్చుసరికి ఉర్దూ, తెలుగు భాషలు ఒకే మాటలు పలుకును. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు అను పదములు రెండు భాషల ఇండ్లలోను నిత్యవ్యవహారమున ఉన్నవి. రెండు భాషల విద్యార్థులు చదువు మన కళాశాలలో ఈ విషయమును జమ, ఖర్చు, బాకీ అను మూడు భాగములుగా వివరించుట సులభమని తలచితిమి. ఇందు చూపిన అంకెలు 2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయమునకు చెందినవి. ఆ సంవత్సరపు ఆదాయమునకు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము వర్తించును. 2025లో ఆమోదము పొందిన కొత్త చట్టము 2026 ఏప్రిల్ 1వ తేదీ నుండి లభించు ఆదాయములకు వర్తించును. కొత్త చట్టమున సెక్షన్ల సంఖ్యలు మారినవి గాని మూలసూత్రములు మారలేదు.

చట్టపు నేపథ్యము

మన దేశమున ఆదాయపు పన్నును మొదట 1860లో జేమ్స్ విల్సన్ ప్రవేశపెట్టెను. 1857 తిరుగుబాటు వలన ఖాళీయైన ఖజానాను పూరించుట దాని ఉద్దేశము. తరువాత 1886లో ఒక చట్టము, 1922లో మరియొక సమగ్ర చట్టము వచ్చినవి. స్వాతంత్ర్యానంతరము 1961లో నేటి తరమువారికి పరిచయమైన చట్టము వెలువడి, 1962 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలైనది. నిజాము పాలనలోని హైదరాబాదు రాజ్యమునకు కూడ 1357 ఫసలీ నాటి ఆదాయపు పన్ను చట్టము ప్రత్యేకముగా ఉండెడిది. 1950లో కేంద్ర చట్టము ఈ ప్రాంతమునకు విస్తరించినది.

ఏజెన్సీ పనికి మన సమాజమున పెద్ద ఊతమిచ్చిన సంఘటన 1956 సెప్టెంబరు 1వ తేదీన జీవిత బీమా సంస్థ ఏర్పడుట. అప్పటివరకు ఉన్న 245 బీమా సంస్థలు, భవిష్యనిధి సంఘములు అందు లీనమైనవి. ఏజెంటు ఆ సంస్థకు జీతగాడు కాడు. తాను తెచ్చిన ప్రీమియముపై నిర్ణీత శాతమును కమీషనుగా పొందువాడు. ఈ భేదమే పన్ను లెక్కకు మూలము.

చట్టము ఆదాయమును ఐదు శీర్షికల క్రింద విభజించినది: జీతము, గృహాదాయము, వ్యాపార వృత్తుల ఆదాయము, మూలధన లాభము, ఇతర ఆదాయములు. యజమాని ఆజ్ఞకు లోబడి చేసిన కొలువునకు లభించునది జీతము. స్వతంత్రముగా తిరిగి, తన ఖర్చు తాను పెట్టుకొని, పని కుదిరినప్పుడు పొందు కమీషను వ్యాపారాదాయము. ఒకే వ్యక్తి ఈ రెండింటిని పొందినప్పుడు రెండు శీర్షికల క్రింద వేరువేరుగా లెక్కకట్టి, పిదప రెండింటిని కలిపి, ఆ మొత్తముపై పన్ను నిర్ణయింపవలెను. చాలమంది విడదీయుట వరకు చేసి, కలుపుట మరతురు.

తొలి ప్రశ్న : అనుమతి ఉన్నదా?

పన్ను లెక్కకు ముందే అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. ప్రధానోద్యోగము ఈ పనికి అంగీకరించుచున్నదా? కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి వర్తించును. ప్రభుత్వపు ముందస్తు అనుమతి లేక వ్యాపారము చేయుటను అది నిషేధించినది. అంతేకాదు, భార్య గాని కుటుంబమున మరియొకరు గాని నడుపు బీమా ఏజెన్సీ కొరకు ఉద్యోగి స్వయముగా ప్రచారము చేసినను అది నియమోల్లంఘనమే యని అందు స్పష్టముగా ఉన్నది. రాష్ట్రోద్యోగులకును ప్రవర్తనా నియమములు కలవు. ప్రైవేటు సంస్థలలో పనిచేయువారు తమ నియామక పత్రమును చదువుకొనవలెను.

"ఏజెన్సీ ఇంటిదాని పేర, పని నాది" అను ఏర్పాటు మన ఊళ్లలో కొత్తది కాదు. పేరు మార్చినంత మాత్రమున ఆదాయపు స్వరూపము మారదు. ఆ ఇల్లాలు నిజముగా తిరిగి పాలసీలు సంపాదించి, కమీషనును తన ఖాతాలో పొంది, తన రిటర్నులో చూపుచున్నచో అది ఆమె ఆదాయము. భర్త సంపాదించిన దానికి ఆమె పేరు కేవలము తెరయైనచో ఇటు ఉద్యోగమునకును, అటు పన్ను లెక్కకును చిక్కు తప్పదు.

జమ

జమ అనగా చేతికి వచ్చిన సొమ్ము మాత్రమే కాదు, పన్ను పట్టుకొనకముందు లెక్కకు వచ్చిన పూర్తి కమీషను. బీమా సంస్థ 80,000 రూపాయల కమీషనుపై 1,600 రూపాయలు పట్టుకొని 78,400 రూపాయలు బ్యాంకులో వేసినచో, జమ 80,000 రూపాయలే. పట్టుకొన్న 1,600 రూపాయలు మన తరఫున ప్రభుత్వమునకు ముందుగా చెల్లించిన మొత్తము మాత్రమే.

వ్యక్తులకు చెల్లించు బీమా కమీషనుపై 194డి సెక్షను క్రింద పన్ను కోత ఉండును. 2025 ఏప్రిల్ 1వ తేదీకి ముందు ఒక సంస్థ ఏడాదిలో ఇచ్చు కమీషను 15,000 రూపాయలు దాటినచో 5 శాతము పట్టుకొనెడివారు. ఆ తేదీ నుండి పరిమితి 20,000 రూపాయలకు పెరిగినది, కోత 2 శాతమునకు తగ్గినది. ఇతర కమీషను, దళారీ రుసుములకు వర్తించు 194హెచ్ సెక్షను క్రిందను 2025-26లో ఇదే పరిమితి, ఇదే శాతము. పాన్ సంఖ్య ఇవ్వనివారి వద్ద 20 శాతము పట్టుకొనవచ్చును.

కోత తగ్గినది గనుక పన్ను తగ్గినదని సంతోషించువారు కలరు. ఇది ఆలోచింపవలసిన చోటు. మూలము వద్ద 5 బదులు 2 పట్టుకొన్నంత మాత్రమున కట్టవలసిన పన్ను మారలేదు. ఏడాది చివర మన చేతితో కట్టవలసిన భాగమే పెరిగినది. అట్లే ఒక సంస్థ నుండి 18,000, మరియొక సంస్థ నుండి 19,000 రూపాయలు వచ్చినవారికి ఎవ్వరును పన్ను పట్టుకొనరు. అయినను 37,000 రూపాయలును జమయే.

మరి రెండు జాగ్రత్తలు. పాలసీ కొనసాగినన్నాళ్లు వచ్చు రెన్యూవల్ కమీషను, ఆ సంవత్సరము ఏజెంటు కొత్తగా ఒక్క పాలసీ చేయకున్నను, ఆదాయమే. మార్చి నెల వ్యాపారముపై కమీషను ఏప్రిల్‌లో చేతికి వచ్చుట కద్దు. హక్కు ఏర్పడిన తేదీని బట్టి లెక్క వ్రాయుటయా, వసూలైన తేదీని బట్టి వ్రాయుటయా అను పద్ధతిని ఒకటి ఎన్నుకొని ఏటా దానినే పాటింపవలెను. ఏ సంవత్సరపు ఆదాయములో ఆ కమీషనును చూపుదుమో, ఆ సంవత్సరముననే దానిపై పట్టుకొన్న పన్నునకు జమ కోరవలెను. ఫారం 26ఏఎస్‌లోను, వార్షిక సమాచార నివేదికలోను శాఖవారికి అందిన అంకెలు కనిపించును. వానిని మన పుస్తకముతో సరిపోల్చుకొనకుండ రిటర్ను వేయుట తగదు.

ఖర్చు

జీతమునకు చట్టము ప్రామాణిక తగ్గింపును ఇచ్చును. కొత్త పద్ధతిలో అది 75,000, పాత పద్ధతిలో 50,000 రూపాయలు. ఇది జీతమునకే గాని కమీషనునకు వర్తించదు. కమీషను నుండి తగ్గింపదగినది ఆ పని కొరకు నిజముగా చేసిన ఖర్చు. ఖాతాదారుల ఇండ్లకు తిరిగిన పెట్రోలు, ఫోను బిల్లులో పనికి సంబంధించిన భాగము, కాగితములు, తపాలా, పరీక్షా శిక్షణా రుసుములు ఇట్టివి. సొంత కుటుంబపు ఖర్చు, జరిమానా ఇందు చేరవు. ఒకే స్కూటరు పాఠశాలకును, ఏజెన్సీ పనికిని వాడుచున్నచో సమంజసమైన భాగమునే వ్రాయవలెను.

ఒక ఖర్చును గూర్చి ప్రత్యేకముగా హెచ్చరించుట అవసరము. పాలసీ తీసుకొనువానికి తన కమీషనులో కొంత తిరిగి ఇచ్చుట, లేదా మొదటి వాయిదా తానే కట్టి పాలసీ చేయించుట కొందరు ఏజెంట్లకు అలవాటైనది. 1938 నాటి బీమా చట్టము 41వ సెక్షనులో ఇట్టి రాయితీని నిషేధించినది. చట్టము నిషేధించిన ప్రయోజనమునకు పెట్టిన ఖర్చును ఆదాయపు పన్ను చట్టము అంగీకరింపదు. కాబట్టి అట్టివాడు సొమ్మును పోగొట్టుకొనును, పోగొట్టుకొన్న సొమ్ముపై పన్నును కట్టును, పైగా నేరమునకు లోనగును.

చిన్న ఏజెంట్లకు లెక్కల పుస్తకము భారమని గుర్తించి, కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 1990 దశకపు తొలి సంవత్సరములలో ఒక వెసులుబాటు కల్పించినది. వివరమైన లెక్కలు ఉంచని జీవిత బీమా ఏజెంటు మొత్తము కమీషను 60,000 రూపాయల లోపున ఉన్నచో, మొదటి సంవత్సరపు కమీషనులో 50 శాతము, రెన్యూవల్ కమీషనులో 15 శాతము ఖర్చు క్రింద తగ్గింపవచ్చును. ఆ రెండును విడిగా తెలియనిచో మొత్తములో మూడవ వంతు తగ్గింపవచ్చును. ఈ తగ్గింపు ఏమైనను 20,000 రూపాయలకు మించరాదు.

చిన్న వ్యాపారులకు 44ఏడి సెక్షను క్రింద అంచనా లాభముపై పన్ను కట్టు సౌకర్యము కలదు. దుకాణము నడుపు మిత్రుడు చెప్పినాడని ఏజెంట్లును దానిని ఎన్నుకొనుచుందురు. కమీషను, దళారీ ఆదాయము పొందువారికిని, ఏజెన్సీ వ్యాపారము చేయువారికిని ఆ సెక్షను వర్తించదని చట్టములోనే ఉన్నది. నిజమైన ఖర్చు లెక్కయే శరణ్యము.

బాకీ

జీతములో తగ్గింపు పోగా మిగిలినది, కమీషనులో ఖర్చు పోగా మిగిలినది కలిపిన మొత్తముపై పన్ను కట్టవలెను. 2025-26లో కొత్త పద్ధతి ప్రకారము 4 లక్షల వరకు పన్ను లేదు. 4 నుండి 8 లక్షల వరకు 5 శాతము, 8 నుండి 12 వరకు 10, 12 నుండి 16 వరకు 15, 16 నుండి 20 వరకు 20, 20 నుండి 24 వరకు 25, ఆపైన 30 శాతము. మొత్తము ఆదాయము 12 లక్షలు దాటనివారికి 87ఏ సెక్షను క్రింద 60,000 రూపాయల వరకు రాయితీ లభించుటచే పన్ను శూన్యమగును. తుది పన్నుపై 4 శాతము సెస్సు అదనము. ఇప్పుడు ఇద్దరు ఏజెంట్ల లెక్కలు చూతము. వీరు ఉదాహరణకు కల్పించినవారు.

మొదటివాడు దుకాణపు గుమాస్తా. ఏడాది జీతము 6,75,000. ప్రామాణిక తగ్గింపు పోగా 6,00,000. కమీషను 80,000, ఖర్చు 20,000, నికరము 60,000. మొత్తము ఆదాయము 6,60,000. దీనిపై పన్ను 13,000 రూపాయలు. రాయితీ వలన శూన్యము. ఐనను బీమా సంస్థ 2 శాతము చొప్పున 1,600 రూపాయలు పట్టుకొన్నది. అది అతని సొమ్మే. రిటర్ను వేసినచో తిరిగి వచ్చును, వేయనిచో రాదు. పైగా అతని ఆదాయము 4 లక్షలు దాటినది గనుక, పన్ను శూన్యమైనను రిటర్ను వేయుట అతని విధి.

రెండవవాడు ప్రైవేటు కళాశాల అధ్యాపకుడు. జీతము 12,75,000. తగ్గింపు పోగా సరిగా 12,00,000. కళాశాలవారు రాయితీని లెక్కించి ఒక్క రూపాయియు పట్టుకొనలేదు. అతని కమీషను 60,000, ఖర్చు 10,000, నికరము 50,000. మొత్తము ఆదాయము 12,50,000. రాయితీ పోయినది. శ్లాబుల ప్రకారము పన్ను 67,500. ఐతే 12 లక్షలు కొద్దిగా దాటినవారికి చట్టము ఒక ఉపశమనమునిచ్చినది: ఎంత ఆదాయము 12 లక్షలకు పైబడినదో, అంతకు మించి పన్ను ఉండరాదు. కాబట్టి పన్ను 50,000, సెస్సు 2,000, మొత్తము 52,000. పట్టుకొన్నది 1,200 మాత్రమే. బాకీ 50,800 రూపాయలు.

ఈ అధ్యాపకుని స్థితిని గమనింపుడు. ఏడాది పొడుగున తిరిగి నికరముగా 50,000 సంపాదించి, పన్ను రూపమున 52,000 చెల్లించుచున్నాడు. శ్రమకు ప్రతిఫలము లేకపోగా 2,000 నష్టము. నికర కమీషను సుమారు 70,588 రూపాయలకు చేరువరకు, 12 లక్షల పైబడిన ప్రతి రూపాయియు పన్నుకే పోవును. అది దాటిన తరువాతనే అదనపు రూపాయిపై 15 శాతపు లెక్క వచ్చును. ఇది ముందుగా తెలిసినచో అతడు వృథాగా నష్టపోడు. ఉదాహరణకు, యజమాని జాతీయ పింఛను పథకమునకు జమ చేయు వాటా, నిర్ణీత పరిమితికి లోబడి, కొత్త పద్ధతిలోను తగ్గింపునకు అర్హము. జీతములో 50,000 రూపాయలు ఆ వాటాగా ఏర్పాటు చేసుకొనగల్గినచో మొత్తము ఆదాయము తిరిగి 12 లక్షలకు దిగును, పన్ను శూన్యమగును. కాని ఆ ఏర్పాటు ఆర్థిక సంవత్సరము ముగియకముందే జరుగవలెను. మార్చి దాటిన పిదప పశ్చాత్తాపమే మిగులును.

ఒకే చట్టము, ఒకే 2 శాతపు కోత. ఒకనికి 1,600 తిరిగి రావలెను, మరియొకడు 50,800 కట్టవలెను. కోతను చూచి బాకీని ఊహింపరాదనుటకు ఇంతకన్న నిదర్శనము వేరొకటి అక్కరలేదు.

రెండవ పనికి జీతమే ఇచ్చినచో

కొందరికి రెండవ పని కమీషను రూపమున గాక జీతముగానే లభించును. పగలు ఒక వైద్యశాలలోను, రాత్రి సిబ్బందిని సమకూర్చు ఏజెన్సీ ద్వారా మరియొక వైద్యశాలలోను పనిచేయు నర్సులు, సాంకేతికులు ఇట్టివారు. వారిని ఉద్యోగులుగా చేర్చుకొన్నచో ఇద్దరు యజమానులును ఎవరికి వారు ప్రామాణిక తగ్గింపును, రాయితీని లెక్కింతురు. మొదటిచోట 8,75,000, రెండవచోట 5,75,000 అనుకొందము. విడివిడిగా చూచినచో 8 లక్షలు, 5 లక్షలు. రెండుచోట్లను పన్ను శూన్యము. కలిపినచో 14,50,000. తగ్గింపు ఒక్కసారియే గనుక 75,000 పోగా 13,75,000. పన్ను 86,250, సెస్సు 3,450, మొత్తము 89,700 రూపాయలు. ఎవరును పట్టుకొనలేదు, బాకీ మాత్రము పూర్తిగా నిలిచినది. రెండవ జీతపు వివరములను ఇద్దరు యజమానులలో ఒకరికి వ్రాతపూర్వకముగా తెలిపినచో, వారు మొత్తముపై పన్ను లెక్కించి నెలనెల పట్టుకొందురు.

బాకీని తీర్చు మార్గములు

కమీషను పొందువారికి రెండు మార్గములు కలవు. మొదటిది, 192(2బి) సెక్షను ప్రకారము తన ఇతర ఆదాయమును, దానిపై అప్పటికే పట్టుకొన్న పన్నును ప్రధాన యజమానికి వ్రాసి ఇచ్చుట. అప్పుడు జీతము నుండియే మొత్తము పన్ను పట్టుకొందురు. నెలనెలా కొంచెము తగ్గును గాని ఏడాది చివర ఒక్కసారిగా భారము పడదు. జీతగాండ్రకు ఇదియే సులభమార్గమని మా అభిప్రాయము. ఐతే ఏజెన్సీ సంగతి యజమానికి తెలుపుటకు సంకోచించు పరిస్థితి ఉన్నచో, అనుమతి విషయమున మేము పైన చెప్పిన ప్రశ్నకు ముందు సమాధానము వెదకుకొనవలెను.

రెండవ మార్గము ముందస్తు పన్ను. పట్టుకొన్నది పోగా ఏడాదికి కట్టవలసినది 10,000 రూపాయలు గాని అంతకు మించి గాని ఉన్నచో, దానిని నాలుగు విడతలుగా చెల్లింపవలెను. జూన్ 15 నాటికి 15 శాతము, సెప్టెంబరు 15 నాటికి 45, డిసెంబరు 15 నాటికి 75, మార్చి 15 నాటికి పూర్తి మొత్తము. ఇవి కూడిక శాతములు. తప్పినచో నెలకు 1 శాతము చొప్పున వడ్డీ పడును. పైన చెప్పిన అధ్యాపకుడు తన 50,800 రూపాయలను ముందుగా కట్టక జూలైలో చెల్లించినచో, ఏప్రిల్ నుండి నాలుగు నెలలకు 2,032 రూపాయలు వడ్డీ. విడతలు తప్పినందుకు వడ్డీ వేరు.

పాత పద్ధతియా, కొత్త పద్ధతియా?

ఇది మిక్కిలి ముఖ్యమైనను మిక్కిలి తక్కువమందికి తెలిసిన విషయము. జీతము మాత్రమే ఉన్నవారు ప్రతి సంవత్సరము పాత, కొత్త పద్ధతులలో తమకు అనుకూలమైనదానిని ఎన్నుకొనవచ్చును. వ్యాపారాదాయము ఉన్నవారికి ఆ స్వేచ్ఛ లేదు. వారు పాత పద్ధతి కోరినచో రిటర్ను గడువులోగా ఫారం 10-ఐఈఏ దాఖలు చేయవలెను. ఆ పిదప కొత్త పద్ధతికి ఒక్కసారి తిరిగి రావచ్చును. వచ్చిన పిదప, వ్యాపారాదాయము ఉన్నంతకాలము మరల పాతదానికి పోవుటకు వీలులేదు.

చిన్న కమీషను కూడ వ్యాపారాదాయమే గనుక, ఏజెన్సీ తీసుకొన్న ఉద్యోగి తన జీతముపై ఉన్న ఎంపిక స్వేచ్ఛను కూడ కోల్పోవుచున్నాడు. గృహఋణపు వడ్డీ, ఇంటి అద్దె భత్యము, పొదుపు మినహాయింపులు ఎక్కువగా ఉండి పాత పద్ధతిలో లాభము పొందుచున్నవారు ఏజెన్సీకి దరఖాస్తు పెట్టునప్పుడే ఈ సంగతిని లెక్కలోనికి తీసుకొనవలెను.

రిటర్ను

జీతగాండ్ర సులభమైన ఫారం ఐ.టి.ఆర్.-1. వ్యాపారాదాయమున్నవారు దానిని వాడరాదు. 44ఏడి వర్తించదు గనుక ఐ.టి.ఆర్.-4 కూడ పనికిరాదు. జీతముతో పాటు ఏజెన్సీ కమీషను పొందువారు వేయవలసినది ఐ.టి.ఆర్.-3. ఆ ఫారము పెద్దదని భయపడి కమీషనును "ఇతర ఆదాయము" క్రింద వ్రాసి ఐ.టి.ఆర్.-1 వేయువారు కలరు. అంకె దాచలేదు గదా అని వారి సమాధానము. కాని తప్పు ఫారములో వేసిన రిటర్ను లోపభూయిష్టమైనదని నోటీసు రావచ్చును; సవరించు వరకు వాపసు నిలిచిపోవచ్చును. రిటర్ను గడువును ప్రతి సంవత్సరము ప్రకటనలో చూచి నిర్ధారించుకొనవలెను. గడువు తప్పినచో 5,000 రూపాయల వరకు రుసుము. మొత్తము ఆదాయము 5 లక్షలు దాటనివారికి ఆ రుసుము 1,000 రూపాయలు.

జీతము నుండి రాష్ట్రమునకు కట్టు వృత్తి పన్ను వేరు, ఈ పన్ను వేరు. ఒకటి కట్టినందున మరియొకటి తీరదు.

ముగింపు

విద్యార్థి మిత్రులకు మా విజ్ఞప్తి ఒకటి. మీ ఇంట తండ్రి గాని తల్లి గాని అన్న గాని ఏజెన్సీ పని చేయుచున్నచో, ఈ ఏప్రిల్ నుండియే వారికొక పుస్తకము కట్టి ఇండు. ఎడమ పుటలో జమ: ఏ తేదీన, ఏ సంస్థ నుండి, మొత్తము కమీషను ఎంత, పట్టుకొన్నది ఎంత. కుడి పుటలో ఖర్చు: తేదీ, పని, మొత్తము, రసీదు సంఖ్య. డిసెంబరు మొదటి వారమున రెండు పుటలను కూడి, దానికి జీతపు అంకెను చేర్చి, బాకీ ఎంత యగునో చూడుడు. పదిహేనవ తేదీ విడతకు ఇంకను వ్యవధి ఉండును. ఆదాయము 12 లక్షల గట్టున ఉన్నదా యని కూడ అప్పుడే తెలియును. వాణిజ్యశాస్త్రము చదువు విద్యార్థికి ఇంతకు మించిన అభ్యాసము పాఠ్యపుస్తకమున లభింపదు.

కళాశాల పాలకవర్గమువారికిని ఒక సూచన చేయుచున్నాము. బోధన, బోధనేతర సిబ్బందిలో ఇతర ఆదాయమున్నవారు ఆ వివరములను జీతపు విభాగమునకు తెలుపుటకు ప్రతి డిసెంబరులోను ఒక సర్క్యులరు పంపినచో, ఎందరికో మార్చి తరువాతి వడ్డీ తప్పును. దానికి ఖర్చయ్యేది ఒక్క కాగితము.

రెండవ పని చేయువాడు తన విశ్రాంతిని అమ్ముకొని కుటుంబమును నిలుపుచున్నాడు. ఆ శ్రమలో ఎంత భాగము ఇంటికి చేరుచున్నదో, ఎంత పన్నుకు పోవుచున్నదో అతడు ఏడాది మధ్యలోనే తెలిసికొనగలుగవలెను. అందులకు కావలసినది జమ, ఖర్చు, బాకీ అను మూడు గళ్ళను ఒక్కచోట వ్రాసి చూచుకొను అలవాటే.